పాస్‌పోర్ట్ దయ కాదు, హక్కు: పరాయి దేశంలో ఉన్న మనవాళ్లకు కాన్సులేట్ దగ్గర ఏం తెలిసి ఉండాలి?

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వస్తుంటే దారి పొడవునా ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు కనిపిస్తాయి. వాటి పక్కనే అమెరికా, లండన్, ఆస్ట్రేలియా చదువుల ఫ్లెక్సీలు ఉంటాయి. అదే ఊళ్లో, అదే వాడలో, పది దాటకుండానే చదువు ఆగిపోయి డ్రైవర్ పనికో, మేస్త్రీ పనికో, ఇంటి పనికో గల్ఫ్ దారి పట్టినవాళ్లు కూడా ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్ అంత పెద్ద సంఖ్యలో కాకపోయినా రంగారెడ్డి జిల్లా నుంచి కూడా ఎడారికి దారి ఉంది. ఇద్దరి చేతిలోనూ ఉండేది ఒకే నీలిరంగు పుస్తకం. అయినా ఆ పుస్తకం ఇద్దరినీ ఒకేలా చూడదు.

పాస్‌పోర్ట్ గురించి మనం సాధారణంగా వెళ్లేముందే మాట్లాడుకుంటాం. మీసేవలో స్లాట్, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో క్యూ, ఇంటికొచ్చే పోలీసు. అక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. అసలు ఇబ్బంది తర్వాత వస్తుంది. పరాయి దేశంలో పుస్తకం గడువు తీరినప్పుడు, పోయినప్పుడు, కఫీల్ దాచుకుని ఇవ్వనప్పుడు, పేరులో ఒక అక్షరం తేడాతో వీసా ఆగినప్పుడు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఏం చేయాలో తెలియక సంఘం నాయకుడి ఇంటికో, ఏజెంట్ ఇంటికో పరుగెత్తుతారు. ఆ సమయానికి మన కార్యకర్తలకు, విద్యార్థులకు తెలిసి ఉండాల్సిన సంగతులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

హక్కుగా మారింది 1967లో

మొదట ఒక చరిత్ర. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఇరవై ఏళ్లపాటు మన దేశంలో పాస్‌పోర్ట్ పౌరుడి హక్కు కాదు. ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. ఆ కాలపు దౌత్య రికార్డులను పరిశోధించిన చరిత్రకారిణి కళాత్మిక నటరాజన్ ఒక విషయాన్ని బయటపెట్టారు. ఎవరిని బయటికి పంపితే దేశం పరువు నిలుస్తుంది, ఎవరిని పంపితే పోతుంది అన్న లెక్క అధికారుల మనసులో ఉండేది. ఆ లెక్కలో కులమూ వర్గమూ పనిచేశాయి. చదువు లేనివాళ్లను, కూలీలను బయటి దేశంలో కనబడకూడనివాళ్లుగా చూశారు. వెట్టి ఒప్పందాల మీద ఓడలెక్కిన కూలీల జ్ఞాపకం కొత్త రాజ్యానికి సిగ్గుగా అనిపించింది. ఆ సిగ్గుకు మూల్యం చెల్లించింది మాత్రం మళ్లీ ఆ కూలీల పిల్లలే.

1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మార్చింది. విదేశానికి వెళ్లడం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా ప్రభుత్వం దాన్ని ఆపలేదని తీర్పు చెప్పింది. దాంతో అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు ఇంకో అడుగు ముందుకేసింది. చట్టం ఉంటే సరిపోదు, ఆ చట్టం చూపే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది. కాబట్టి కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లు మనకు ఉపకారం చేయడం లేదు. చట్టం ప్రకారం తమ పని చేస్తున్నారు. దరఖాస్తు పెట్టే ముందు మన పిల్లలకు మొదట చెప్పాల్సిన మాట ఇదే.

పది పాస్ కానివాడి పుస్తకం

హక్కు అందరిదీ అయినా పుస్తకంలో ఒక గీత మిగిలింది. పదో తరగతి పాస్ కాని వ్యక్తి పాస్‌పోర్ట్ ఈసీఆర్ కిందికి వస్తుంది. అంటే 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ నుంచి అనుమతి కావాలి. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 1983 ఎమిగ్రేషన్ చట్టం దీన్ని కార్మికుల రక్షణ కోసమే పెట్టింది. ఈ దారిలో వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. దీనికి ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. విజిట్ వీసా మీద పంపే ఏజెంట్ చేతిలో పడితే ఈ బీమా పోతుంది, ఒప్పంద పత్రమూ పోతుంది. రక్షణ పేరుతో పెట్టిన నియమం మనవాళ్లను తప్పుడు దారి ఏజెంట్ల వైపు నెట్టడం కూడా ఇక్కడే జరుగుతుంది.

పది పాస్ కానివాళ్లు ఎవరు? బడి మధ్యలో ఆగిపోయినవాళ్లు ఏ వాడల్లో ఎక్కువ? ఈ ప్రశ్నకు జవాబు మనకు లెక్కల పుస్తకం చూడకుండానే తెలుసు. అందుకే 2018 జనవరిలో కేంద్రం ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్ట్ ఇస్తామని ప్రకటించినప్పుడు అంత కోపం వచ్చింది. విమానాశ్రయంలో పుస్తకం బయటికి తీయగానే వీడు చదువుకోనివాడు, కూలీ అని దూరం నుంచే తెలిసిపోయే ఏర్పాటు అది. కులం అడగకుండానే కులం చెప్పించే పద్ధతులు మనకు కొత్త కాదు. దేశమంతా వ్యతిరేకత రావడంతో అదే నెల 30న ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు. రంగు మారలేదు, కానీ చివరి పేజీలో ఈసీఆర్ ముద్ర అలాగే ఉంది.

ఈ ముద్రను తీయించుకోవచ్చని చాలామందికి తెలియదు. పది పాసైనా ఏజెంట్ నిర్లక్ష్యం వల్ల ఈసీఆర్ పడినవాళ్లు మెమో చూపించి మార్పించుకోవచ్చు. పది పాస్ కాకపోయినా, మొత్తం మూడేళ్లకు పైగా విదేశంలో ఉన్నవాళ్లకు ఈసీఆర్ నుంచి మినహాయింపు ఉంది. ఆ మూడేళ్లు ఒకేసారి కాకుండా విడివిడిగా గడిచినా ఫర్వాలేదు. కాన్సులేట్‌లో పుస్తకం కొత్తది చేయించుకునేటప్పుడే ఈ మార్పు కూడా అడగాలి. పాత పుస్తకాల్లోని వీసా పేజీలు, రాకపోకల ముద్రలే దానికి ఆధారం. అందుకే పాత పాస్‌పోర్ట్‌ను చెత్తలో పడేయకూడదు.

కాన్సులేట్ దగ్గర పని ఎలా జరుగుతుంది

విదేశంలో ఉన్న భారత పౌరుడికి పాస్‌పోర్ట్ ఇచ్చేది అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్. మన ఇష్టం వచ్చిన ఆఫీసుకు వెళ్లడం కుదరదు. ఏ ప్రాంతంలో నివాసం ఉంటే ఆ ప్రాంతం చూసే ఆఫీసుకే దరఖాస్తు పెట్టాలి. అమెరికాలో చదివే విద్యార్థి తన రాష్ట్రం న్యూయార్క్ కిందికి వస్తుందా, షికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ కిందికి వస్తుందా, వాషింగ్టన్ ఎంబసీ కిందికి వస్తుందా అన్నది మొదట చూసుకోవాలి. యూఏఈలో అబూధాబి ఎంబసీ, దుబాయ్ కాన్సులేట్, సౌదీలో రియాద్ ఎంబసీ, జెద్దా కాన్సులేట్ ప్రాంతాలు పంచుకున్నాయి.

ఫారం ఆన్‌లైన్‌లో పాస్‌పోర్ట్ సేవా ఎంబసీ పోర్టల్‌లో నింపాలి. ప్రింట్ తీసి, ఫొటోలు, పాత పాస్‌పోర్ట్, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నట్టు చూపే వీసా లేదా అకామా, చిరునామా రుజువు జతచేయాలి. చాలా దేశాల్లో కాగితాలు తీసుకునే పని ప్రైవేటు సేవా కంపెనీల చేతిలో ఉంది. వాళ్లు కాగితాలు తీసుకుని పంపుతారు, అంతే. పాస్‌పోర్ట్ ఇవ్వాలా వద్దా అని తేల్చే అధికారం వాళ్లకు లేదు. మీది అవ్వదు పొమ్మని అక్కడి ఉద్యోగి నోటిమాటగా అన్నా అది నిర్ణయం కాదు. అలాంటప్పుడు నేరుగా కాన్సులేట్‌కు రాయాలి. ఫొటో, ఎస్సెమ్మెస్, కొరియర్ పేరుతో అదనపు సేవలు అంటగడితే ఏది తప్పనిసరో, ఏది ఐచ్ఛికమో అడిగి రసీదు తీసుకోవాలి.

గడువు తీరేదాకా ఆగడం పెద్ద పొరపాటు. గడువుకు ఏడాది ముందు నుంచే కొత్త పుస్తకానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చాలా దేశాలు పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. గల్ఫ్‌లో పాస్‌పోర్ట్ గడువు తీరితే అకామా రెన్యువల్ ఆగుతుంది. అకామా ఆగితే మనిషి ఖల్లివెల్లి అవుతాడు. ఒక పుస్తకం కొత్తది చేయించుకోనందుకు జైలు గడప తొక్కే పరిస్థితి ఇలాగే వస్తుంది.

పుస్తకం కఫీల్ దగ్గర ఉంటే

పాస్‌పోర్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకం ఎప్పుడూ భారత ప్రభుత్వ ఆస్తి. మన చేతిలో ఉన్నా మనది కాదు, కఫీల్ దగ్గర ఉన్నా కఫీల్‌ది కాదు. యజమాని దాన్ని తాకట్టు వస్తువులా ఉంచుకోవడం గల్ఫ్ దేశాల సొంత నియమాల ప్రకారం కూడా తప్పే. ఖతార్ 2015లో తెచ్చిన 21వ నంబరు చట్టంలో దీనికి జరిమానా ఉంది. నియమం ఉన్నా అమలు లేదన్నది మనకు తెలిసిన నిజం. ఇంటి పనికి వెళ్లిన మహిళల విషయంలో ఇది మరీ దారుణం. గడప దాటే వీలు లేనిచోట పాస్‌పోర్ట్ కూడా బీరువాలో ఉంటే అది వెట్టే.

అప్పుడు ఏం చేయాలి? కార్మికుడు నేరుగా ఎంబసీ లేబర్ విభాగానికి గానీ, దుబాయ్, రియాద్, జెద్దాలలో ఉన్న ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి గానీ ఫిర్యాదు చేయవచ్చు. ఊళ్లో ఉన్న కుటుంబం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఈ పోర్టల్ 2015 నుంచి నడుస్తోంది. ఫిర్యాదుకు నంబరు వస్తుంది, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. మన కార్యకర్తలు చేయగలిగిన మొదటి సాయం ఇదే. ఫోన్‌లో అరగంట పని, ఏజెంట్‌కు పైసా ఇవ్వాల్సిన పనిలేదు.

పుస్తకం పోతే మొదట అక్కడి పోలీసు రిపోర్టు, తర్వాత కాన్సులేట్‌లో పోయినట్టు ప్రమాణపత్రంతో కొత్త పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు. అక్కడ ఉండటానికి చట్టపరమైన కాగితం లేక, ఇంటికి రావడమే దారి అయితే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. మనవాళ్లు దాన్నే ఔట్‌పాస్ అంటారు. అది భారత్‌కు ఒక్కసారి రావడానికే పనికొస్తుంది. ఔట్‌పాస్ ఉన్నంత మాత్రాన విమానం ఎక్కనివ్వరు. ఆ దేశం ఎగ్జిట్ అనుమతి కూడా కావాలి, జరిమానాలు తేలాలి. యూఏఈ 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఆమ్నెస్టీ ఇచ్చినట్టు, అప్పుడప్పుడు క్షమాభిక్ష గడువులు వస్తాయి. ఆ సమయంలో జరిమానా లేకుండా బయటపడవచ్చు. టికెట్‌కు డబ్బు లేని నిరుపేదలకు, ఆపదలో ఉన్న మహిళలకు ఎంబసీల దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. 2009లో పెట్టిన ఈ నిధి నుంచి మృతదేహాన్ని ఇంటికి పంపే ఖర్చు కూడా ఇవ్వవచ్చు. అడిగినవాళ్లకే అందుతుంది కాబట్టి రాతపూర్వకంగా అడగాలి.

కేసు ఉంటే పాస్‌పోర్ట్ రాదా?

ఉద్యమంలో ఉన్నవాళ్లు ఎక్కువగా భయపడేది ఇక్కడే. విదేశంలో ఉండి దరఖాస్తు పెట్టినా పోలీసు విచారణ అవసరమైతే అది సొంత చిరునామాకే వస్తుంది. అంటే ఇబ్రహీంపట్నం వాడలో ఉన్న ఇంటికి, ఇబ్రహీంపట్నం పోలీస్ స్టేషన్ నుంచి. మనలో చాలామందికి ఆ స్టేషన్‌తో ఉన్న సంబంధం ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు ఇవ్వగానే అవతలివాళ్లు కౌంటర్ కేసు పెట్టడం ఊరూరా చూస్తున్నదే. ధర్నాలో కూర్చున్నందుకు, విగ్రహం దగ్గర గొడవలో పేరు రాసినందుకు పడిన ఎఫ్ఐఆర్‌లూ ఉంటాయి. అవి అమెరికాలో చదివే పిల్లవాడి పుస్తకానికి అడ్డమా?

చట్టం చెప్పేది ఇది. 6వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం ప్రకారం క్రిమినల్ కోర్టు ముందు విచారణ పెండింగ్‌లో ఉంటే నిరాకరించవచ్చు. ఎఫ్ఐఆర్ నమోదు కావడం వేరు, కోర్టు ముందు విచారణ ఉండటం వేరు. దర్యాప్తు దశలో ఉన్న కేసును కోర్టు పెండింగ్ కేసుగా చూడకూడదని విదేశాంగ శాఖ 2019 అక్టోబర్ 10 నాటి మెమోలో స్పష్టం చేసింది. ఛార్జిషీటు దాఖలై కోర్టు కేసును విచారణకు తీసుకున్న తర్వాత కూడా తలుపు మూసుకుపోదు. 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ప్రకారం కేసు నడుస్తున్న కోర్టు నుంచి అనుమతి తెచ్చుకుంటే ఆ కోర్టు చెప్పినంత కాలానికి పాస్‌పోర్ట్ ఇస్తారు. కోర్టు కాలం చెప్పకపోతే ఒక ఏడాదికి ఇస్తారు. విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి వకీలు ద్వారా ఆ పిటిషన్ వేయించుకోవాలి. శిక్ష మీద అప్పీలు పెండింగ్‌లో ఉందన్న కారణంతోనే రెన్యువల్ ఆపడం కుదరదని సుప్రీంకోర్టు వంగల కస్తూరి రంగాచార్యులు కేసులో చెప్పింది.

ఒక జాగ్రత్త. ఫారంలో కేసుల ప్రశ్నకు అబద్ధం రాయవద్దు. తప్పుడు సమాచారం ఇవ్వడం 12వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. కేసు ఉన్నందుకు కాకపోయినా దాచినందుకు దొరికిపోతాం. ఉన్నది ఉన్నట్టు రాసి, కాగితాలు జతచేయడమే మంచిది.

నిరాకరిస్తే ఊరుకోకూడదు. కారణాలు రాతలో నమోదు చేయడం, అడిగితే కాపీ ఇవ్వడం అధికారి బాధ్యత అని 5వ సెక్షన్ అంటోంది. దేశ సార్వభౌమత్వం, భద్రత వంటి కొన్ని కారణాలకే మినహాయింపు. 11వ సెక్షన్ కింద అప్పీలు ఉంది, దానికి 30 రోజుల గడువు. సమాచార హక్కు చట్టం కింద విదేశంలో ఉండి కూడా ఆన్‌లైన్‌లో 10 రూపాయలతో ఫైలు ఎక్కడ ఆగిందో అడగవచ్చు. పోలీసు విచారణకు రుసుం లేదు. ఇంటికొచ్చిన కానిస్టేబుల్ చేయి చాపితే అమ్మ కొంగు ముడి విప్పాల్సిన అవసరం లేదని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

పేరులో ఉన్న చిక్కు

మన తల్లిదండ్రుల తరంలో బడిలో పేరు రాసింది పంతులు. పుట్టినరోజు కూడా ఆయన వేసిన అంచనాయే. ఆధార్‌లో ఒకటి, మెమోలో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. ఇంటిపేరు రాయనే రాయకపోవడం కూడా మామూలే. ఊళ్లో ఇది ఇబ్బంది కాదు. విదేశంలో ఇది గోడ. పాస్‌పోర్ట్‌లో ఒక్క పేరే ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదు అన్న అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అని ముద్రిస్తారు. ఆ తర్వాత బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే మన పేరవుతుంది. యూఏఈ 2022 నవంబర్ నుంచి ఒక్క పేరు ఉన్న పాస్‌పోర్ట్‌పై విజిట్ వీసాకు ఆంక్ష పెట్టింది.

కాన్సులేట్‌లో పేరు సరిచేయించుకోవచ్చు, కానీ దానికి ఇక్కడి పత్రాలు కావాలి. చిన్న అక్షర సవరణకు మెమో లాంటి ఆధారం చాలవచ్చు. పూర్తి పేరు మార్పుకు ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనలు అడుగుతారు. కులం తెలిసిపోతుందని ఇంటిపేరు మార్చుకోవాలనుకునేవాళ్లూ, అంబేద్కర్ పేరు చేర్చుకోవాలనుకునేవాళ్లూ మనలో ఉన్నారు. అది వాళ్ల హక్కే. కాకపోతే విమానం ఎక్కకముందే, మెమో నుంచి పాస్‌పోర్ట్ దాకా అన్నిట్లో ఒకేలా చేయించుకుంటే సగం బాధ తప్పుతుంది.

పుట్టిన తేదీ రుజువు నియమం కూడా మారింది. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకుముందు పుట్టినవాళ్లకు బడి సర్టిఫికెట్, పాన్ కార్డు వంటివి ఇప్పటికీ పనికొస్తాయి. 2016 డిసెంబర్ మార్పుల తర్వాత తల్లి, తండ్రి ఇద్దరి పేర్లూ తప్పనిసరి కాదు. ఒంటరి తల్లి పెంచిన పిల్లలు తల్లి పేరొక్కటే రాయవచ్చు. మన వాడల్లో ఒంటి చేత్తో పిల్లల్ని చదివించిన తల్లులు ఎందరో ఉన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్పుకోవాల్సిన సంగతి.

విదేశంలో బిడ్డ పుడితే ఏడాదిలోపు కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. భారత పౌరసత్వం దాని మీదే నిలుస్తుంది.

వెళ్లేముందు ఇంట్లో ఉంచాల్సినవి

అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణలో ఎస్సీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. రెండింటికీ పాస్‌పోర్ట్ ముందే కావాలి. కాబట్టి ఇంజనీరింగ్ చివరి ఏడాది దాకా ఆగకుండా రెండో ఏడాదిలోనే చేయించుకోండి. వెళ్లేముందు పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీలు, వీసా, ఆధార్, మెమో, కుల ధ్రువపత్రం కాపీలు ఇంట్లో ఒక కవర్‌లో ఉంచండి. ఫోన్‌లోనూ దాచండి. పుస్తకం పోయినవాడి జాతీయతను నిరూపించేది ఆ కవరే. అది లేకపోతే ఔట్‌పాస్ కోసం ఎంబసీ నుంచి జిల్లాకు ఉత్తరం రావాలి, విచారణ జరగాలి. అంతకాలం మనిషి నిర్బంధ కేంద్రంలో ఉంటాడు.

సంఘాలకు మా సూచన ఒకటే. ఇబ్రహీంపట్నం లాంటి మండల కేంద్రాల్లో నెలకు ఒక ఆదివారం అంబేద్కర్ భవన్‌లోనో, కాలేజీ హాస్టల్‌లోనో కూర్చుని కాగితాలు చూడండి. పేర్లు సరిపోలుతున్నాయా, ఈసీఆర్ తీయించవచ్చా, ఎవరి గడువు దగ్గర పడింది, ఎవరి మీద ఏ దశలో కేసు ఉంది అన్నది రాసి పెట్టుకోండి. ఇంగ్లిష్ ఫారం నింపగల విద్యార్థి, మదద్‌లో ఫిర్యాదు వేయగల కార్యకర్త, కోర్టు అనుమతి పిటిషన్ రాయగల వకీలు ముగ్గురు చాలు.

1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో బాబాసాహెబ్ సముద్రం దాటి కొలంబియా చేరారు. ఆ దారిలో ఈ రోజు మన వాడల పిల్లలు వెళ్తున్నారు. చదువుకు వెళ్లినవాడిదీ, ఎడారిలో ఇటుకలు మోసేవాడిదీ ఒకే పౌరసత్వం. కాన్సులేట్ కిటికీ ముందు ఇద్దరూ తలెత్తుకుని నిలబడాలంటే చట్టం తెలిసి ఉండాలి, వెనక ఊరు నిలబడి ఉండాలి. రెండోది మన చేతిలోనే ఉంది.

జై భీమ్.